బాపు చెప్పిన ముప్పావు గంట

ఎదురుగాలి.

చెరుకాకుల గరగరను మోసుకొచ్చి మొహాన కొడుతోంది. నోటి నిండా దుమ్ము. ఉమ్మితే తిరిగొచ్చి నా మీదే పడింది.

తొక్కు... తొక్కు.

బోధన్‌లో నర్సింగ్ పరీక్ష. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. నిమిషం దాటినా రానివ్వరు — ఏడాది చదువు గంగపాలే. ఆదివారం మా ఊరికి బస్సు లేదు. పదిహేను కిలోమీటర్లు. సైకిలే దిక్కు.

ఫోన్‌లో మ్యాప్ గంటా పది నిమిషాలు అంది. ఎనిమిదింటికే పోతానన్నాను.

బాపు నవ్వాడు.

"ఫోనుకేం ఎరుక బిడ్డా? ముప్పావు గంట. పదహారేండ్లు గిదే తొవ్వల ఫ్యాక్టరీకి పోయిన. నిమ్మలంగ తిని, ఎనిమిదిన్నరకు పో."

నమ్మాను. తిన్నాను. సిగ్గులేకుండా రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

తొక్కు... తొక్కు.

సరిగ్గా సగం దారిలో లింబయ్య తాత పంక్చర్ డబ్బా. లోపల గోడ గడియారం. తొమ్మిదీ అయిదు!

"ముప్పావు గంటనే అన్నడు తాతా మా బాపు!" అరిచాను.

తాత చేతిలో ట్యూబు వదిలేసి పకపకా నవ్వాడు.

"ముత్తన్ననా? ఆడేడ తొక్కిండే! చెరుకు ట్రాక్టర్ ఎన్క గొలుసు పట్టుకుంటుండె. అదే గుంజుకపోతుండె. అందరు గట్లనే పోతుండిరి."

గొలుసు.

గొలుసు సంగతి చెప్పలేదు బాపు. దాచలేదు — మరిచిపోయాడు. అదే ఒళ్లు మండించింది. దాచి ఉంటే తిట్టేదాన్ని. ఆ చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది. చెరుకు బండ్లు ఈ దారికి రావడం మానేసి ఏళ్లయింది. ఎవరో లాగితే పోయిన దూరాన్ని తన కాళ్ల బలమనుకున్నాడు. ఆ లెక్క తెచ్చి నా నెత్తిన పెట్టాడు.

తొక్కు... తొక్కు... వెనక ఒక్క ట్రాక్టరైనా రాదేం?

రాలేదు.

గేటు మూసి ఉంది. తొమ్మిదీ నలభై. గంటా పది నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఊచలు పట్టుకుని ఊపాను. కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపాడు. లోపల బెల్లు కొట్టారు.

సైకిల్ తిప్పాను.

గాలి మారలేదు. నేనే తిరిగాను. ఇప్పుడది వీపు మీద చెయ్యేసి తోస్తోంది.

నిన్నెవరడిగారు ఇప్పుడు?

వాకిట్లో బాపు నిలబడి ఉంటాడు. 'ఎంత సేపట్ల పోయినవ్ బిడ్డా?' అంటాడు. ఏం చెప్పను...

తొక్కడం మానేశాను. అయినా పోతూనే ఉంది సైకిల్ — చెరుకాకుల గరగర వెంటే వస్తోంది.

ఈ గాలికి ఇల్లు ముప్పావు గంటే.