వరస కలిపిన కంప్యూటరు

పెళ్ళైన కొత్తలో పూలు తెచ్చే మొగుళ్ళుంటారు, సినిమాకి తీసుకెళ్ళే మొగుళ్ళుంటారు. మా ఆయన నాకు ట్యాగులు పంచి ఇచ్చాడు. నవ్వకండి, నేను నిజంగానే మురిసిపోయాను.

మా ఇంట్లో మూడు కంప్యూటర్లు. ఒకటి ఆయనది, ఒకటి నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఒకటి ముందుగదిలో కుట్టుమిషను పక్కన మా అత్తయ్యది. అత్తయ్య దర్జీ. ఫొటోలన్నీ మెట్ల కింద ఉన్న చిన్న నల్లపెట్టెలో ఉంటాయి, ముగ్గురమూ అందులోంచే తెరుస్తాం. కానీ ఏ ఫొటోలో ఎవరున్నారో రాసుకునే చీటీలు, అంటే ట్యాగులు, ఎవరి కంప్యూటర్లో వాళ్ళవే. ఆయన ఓపిగ్గా రాసుకున్నవి నాకు కనబడవు, నేను రాసినవి ఆయనకి కనబడవు.

"ఒకే ఇంట్లో ఉండి ఒకే ఫొటోకి మూడుసార్లు పేరు రాసుకోవడమేంటి?" అని ఓ ఆదివారం కూర్చుని చీటీలన్నీ కలిపేశాడు. ఇకమీద ఒకళ్ళు రాస్తే ముగ్గురికీ కనబడుతుంది.

నా కంప్యూటర్లో 'అమ్మ' అని కొత్తగా ఒక చీటీ వచ్చి కూర్చుంది.

"ఎవరమ్మ?" అన్నాను.

"మా అమ్మ. ఇంకెవరు?"

"నాకు అత్తయ్య కదా! నా తెర మీద కూడా నీ వరసేనా?"

"అబ్బో, వచ్చిందండీ వరసల మహారాణి!" అని, ఒక్క నొక్కుతో 'అమ్మ' అని ఉన్నచోటల్లా 'అత్తయ్య' అని మార్చేశాడు. పెళ్ళాం అడిగితే కొండమీది కోతినైనా తెచ్చిచ్చే రోజులు మరి.

ఆ సాయంత్రమంతా 'అత్తయ్య' నొక్కి చూస్తూ కూర్చున్నాను. దారం కొరుకుతున్న అత్తయ్య, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరినో కోప్పడుతున్న అత్తయ్య, కుర్చీలోనే నిద్రపోయిన అత్తయ్య. వేల ఫొటోలు. వాటి మధ్య ఒక పాత బొమ్మ దగ్గర ఆగిపోయాను. తలుపుకి ఆనుకుని, నవ్వు ఆపుకుంటూ, మెడ కొంచెం వంచిన పడుచుపిల్ల. అవే కనుబొమలు, గడ్డం మీద అదే నొక్కు. పడుచు వయసులో ఎంత బాగుండేవారో అనుకుని, దాన్ని నా ఫోన్లో అత్తయ్య నంబరుకి పెట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న ముందుగదిలోంచి పిలుపు.

"ఒరేయ్, మా అమ్మ కనబడట్లేదురా."

అత్తయ్య రోజూ మిషను ఎక్కేముందు వాళ్ళమ్మ ఫొటో ఒకసారి తెరిచి చూసుకుంటారు. ప్రపంచంలో ఆవిడ బొమ్మ అదొక్కటే. కాగితం బొమ్మ చెమ్మకి పాడైపోయింది. పూర్తిగా పోకముందు, మిగతా పాత బొమ్మల కట్టతోపాటు మా ఆయన దాన్నీ స్కాన్ చేశాడు.

ఆయన మొహంలో రంగు మారింది. "నువ్వు కూడా 'అమ్మ' అనే రాశావా?"

"మా అమ్మని మరేమని రాయను, పిన్ని అనా?"

"ఫొటో ఎక్కడికీ పోలేదమ్మా. చీటీ మారిందంతే."

"మరి పాత చీటీ తిరిగి పెట్టు."

"ఏది ఎవరు రాశారో అందులో తెలీదు. కలిపేముందు పాతవి ఒక కాపీ తీసి ఉంచాల్సింది..."

ఊరందరికీ కాపీలు దాచుకోమని చెప్పి జీతం తెచ్చుకునే మనిషి! నాకు నవ్వొచ్చింది గానీ, అత్తయ్యని చూసి మింగేశాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, 'అత్తయ్య' నొక్కి, ఒక్కొక్క ఫొటో తిప్పడం మొదలుపెట్టారు. వచ్చిందల్లా తన మొహమే. మిషను ఆ పూట మోగలేదు.

ఆయన తల వంచుకుని ఆఫీసుకి వెళ్ళాడు. నేను నా కంప్యూటర్లో చివరి నుంచి వెనక్కి వెతకడం మొదలుపెట్టాను.

"ఎలా ఉంటారు అత్తయ్యా, మీ అమ్మగారు?"

"ఎలా ఉంటుంది? అమ్మలా ఉంటుంది."

అత్తయ్యకే నెరిసింది, ఇక ఆవిడ అమ్మగారంటే పండు ముసలమ్మే అయ్యుంటారని, తెల్లజుట్టు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగాను. ఆగిన ప్రతి ఫొటోకీ ముందుగదిలోకి పరుగెత్తడం, "ఈవిడేనా?" అనడం. "అది పక్కింటావిడే." "అది మా అత్తగారు, మూసెయ్, చూస్తే ఇప్పటికీ భయం." మధ్యాహ్నానికి అత్తయ్య కళ్ళు ఎర్రబడ్డాయి.

"చాలు, కాసేపు పడుకోండి. ఆవిడ ఎలా ఉంటారో ఆయనకి ఫోన్ చేసి కనుక్కుంటా" అని చూస్తే నా ఫోన్ లేదు. బట్టల కుప్పలో ఎక్కడో పడింది.

"ఉండు, రింగిస్తా" అన్నారు అత్తయ్య తన ఫోన్ తీసి. సగం కుట్టిన పరదా కిందనుంచి నా ఫోన్ మోగింది. అత్తయ్య వంగి తీశారు. తీసి, అలాగే నిలబడిపోయారు. ఫోన్ మోగుతూనే ఉంది.

"కట్ చేయండి అత్తయ్యా."

"మా అమ్మ ఫోన్ చేస్తోందే" అన్నారు మెల్లగా. "ఎత్తనా?"

వెళ్ళి చూశాను. తెర నిండా తలుపుకి ఆనుకున్న పడుచుపిల్ల.

"అది మీరు కదా?"

"నేనెప్పుడు ఇంత బాగున్నానే! ఇది అమ్మ. అప్పటికి నీకంటే చిన్నది. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు."

నేను పొద్దుటి నుంచి వెతికిన తెల్లజుట్టులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అత్తయ్య కూర్చుని, చేతికందిన గుడ్డతో కళ్ళు తుడుచుకుని, చూసుకుని ఉలిక్కిపడ్డారు. "అయ్యో, ఇది బేరం వాళ్ళది!" ఇద్దరం పడీ పడీ నవ్వాం.

సాయంత్రం మా ఆయన వచ్చి, విని, కుర్చీలో కూలబడి, "ఇంక వరసలొద్దు, అందరికీ పేర్లే రాద్దాం" అన్నాడు.

"ఏరా, నన్ను పేరు పెట్టి పిలుస్తావా?"

ఆయన కుర్చీ కంప్యూటరు ముందుకి జరుపుకున్నాడు.

"రేపు పుట్టేవాళ్ళ వరసలో రాయి" అన్నారు అత్తయ్య, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఇంటిల్లిపాదికీ ఒకే వరస సరిపోతుంది. నేను నానమ్మని. నువ్వు నాన్నవి. కోడలి వాళ్ళమ్మ అమ్మమ్మ."

"మరి నేను?" నోరు జారాక గానీ తెలీలేదు ఏమడిగానో.

"నువ్వేంటో నాకు చెప్పాలా?"

నా చెవులు వేడెక్కాయి. మా ఆయన చాలా బుద్ధిగా కంప్యూటర్లోకి చూస్తూ నా ఫొటోలన్నిటికీ 'అమ్మ' అని రాసేశాడు. తర్వాత ఆ పాత బొమ్మ తెరిచి 'తాతమ్మ' అని కొట్టబోయాడు.

"ఆగు" అన్నారు అత్తయ్య. "అది మాత్రం అమ్మే."

"మళ్ళీ కలిసిపోతాయమ్మా! అమ్మ అని నొక్కితే తనూ ఆవిడా ఒకేచోటికి వస్తారు."

"రానీరా" అన్నారు అత్తయ్య, మిషను తొక్కడం మొదలుపెట్టి. "ఇద్దరేగా. ఇరుకేం కాదు."