కుచ్చుల్లేని పరదా

"నువ్వు కుచ్చులు సున్నా అన్నావు కాబట్టే సాపుగా కుట్టాను," అంది తల్లి మళ్ళీ.

"నేనెక్కడన్నానమ్మా, పేజీ అంది," అంది కూతురు.

"ఆ పేజీని కన్నదెవరు?"

"ముందు తినండి. పరదా ఎక్కడికీ పోదు," అన్నాడు తండ్రి.

"పోదులే, తిరిగొచ్చేసిందిగా," అంది నానమ్మ.

పరదా ఖాళీ కుర్చీ మీద పడి ఉంది. పొద్దున కొన్నావిడే తెచ్చి, "పరదా కుట్టమంటే కిటికీకి కట్టు కట్టారేంటండీ," అని ఇచ్చి వెళ్ళింది. తల్లి కుట్టినది ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. పేజీ తీసెయ్, మునుపటిలా ఫోన్లోనే కొలతలు తీసుకుంటానని అప్పట్నుంచీ పట్టుబట్టింది. పరదాల ఆర్డర్లు తీసుకోవడానికి, ఉద్యోగం నుంచి వచ్చాక కూర్చుని కూతురు రాసిన వెబ్ పేజీ అది.

పరదా కొన్నావిడ పేజీలో కొలతల గడులు రెండూ తారుమారు చేసింది. కిటికీ వెడల్పు ఎనిమిది అడుగులని, గుడ్డ నాలుగని కొట్టింది. తల్లికి అందే ఆర్డరులో గుడ్డ వెడల్పు, కుచ్చులు మాత్రమే వస్తాయి, కిటికీ కొలత రాదు. కిటికీకి పోగా మిగిలిన గుడ్డను బట్టి పేజీ ఒకే గీతను పదేపదే వేసి కుచ్చుల బొమ్మ గీస్తుంది. ఇక్కడ లెక్క సున్నా కన్నా కిందికి పోయింది. సున్నా కన్నా తక్కువసార్లు ఏదీ గీయలేనని, పేజీ రాసిన కంప్యూటర్ భాష జావాస్క్రిప్ట్ మొరాయిస్తుంది. దాన్నే రేంజ్ ఎర్రర్ అంటారు. మొదట్లో అలా మొరాయించినప్పుడల్లా పేజీ మొత్తం తెల్లబోయేది. అందుకని కూతురు ఆ ఎర్రర్‌ను పట్టుకుని, చప్పుడు కాకుండా కుచ్చులు సున్నా అని రాసేలా చేసింది.

ఇదంతా విన్నాక తల్లి, "అంటే అది తప్పని చెప్తూనే ఉంది. నువ్వే దాని నోరు మూయించావు," అంది.

"పేజీ ఆగిపోతే కొనేవాళ్ళు పోతారని..."

"నా ఎదురుగా ఎవరైనా ఇలాంటి కొలత చెప్తే మళ్ళీ కొలిచి రమ్మంటాను. ఎవరూ పారిపోలేదే."

కూతురు చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెచ్చుకుంది.

"ఎర్రర్‌ను పట్టుకుంటాను. కానీ సున్నా రాయను. ఆర్డర్ ఆపేసి చెప్తాను. ఇంకో రకం ఎర్రరైతే దాన్ని కొలతల మీదికి నెట్టకుండా నాకు కబురొచ్చేలా పెడతాను."

"ఆపేసి ఏమని చెప్తావు?"

"విలువ పరిధిలో లేదు, అని."

"ఎవరి పరిధిలోనే?" అంది నానమ్మ.

తల్లి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇలా రాయి. కిటికీ కన్నా గుడ్డ తక్కువగా ఉంది. రెండు కొలతలూ తారుమారయ్యాయేమో ఒకసారి చూడండి."

కూతురు అలాగే రాసింది. తల్లి ఒక వేలితో ఎనిమిది, నాలుగు కొట్టింది. ఆ మాటలే వచ్చాయి, ఆర్డర్ ముందుకు కదల్లేదు. అంకెలు మార్చి కొట్టింది. తెర మీద కుచ్చులు వరసగా విచ్చుకున్నాయి.

తండ్రి కంచాలు తీస్తున్నాడు. తల్లి తిరిగొచ్చిన పరదాను మడత పెడుతూ, గొంతు పెంచకుండా అందరికీ చెప్పింది.

"ఆవిడకి కొత్తది కుడుతున్నా. ఇచ్చి రావడానికి నేనూ అమ్మాయీ కలిసి వెళ్తాం. రేపట్నుంచి కొలతల కోసం ఎవరు ఫోన్ చేసినా, పేజీలో కొట్టమని చెప్పండి."