తోడల్లుడి బండి

తోడల్లుళ్ళన్నాక ఒకరినొకరు పోల్చుకోకుండా ఉండరు. ఒకడి జీతం, ఇంకొకడి ఇల్లు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ ఇద్దరికీ మాత్రం వెతుక్కునే శ్రమ లేకపోయింది. ఇద్దరూ ఒకే కంపెనీ తరఫున మోటారు సైకిలు పందేల్లో బండ్లు నడిపేవాళ్ళు. ఎవరు ముందో ఎవరు వెనకో ప్రతి ఆదివారం పెద్ద తెర మీద వేసి మరీ ఊరందరికీ చూపించేవారు. ఆ ఏడాదంతా తెర మీద చిన్నల్లుడు పైన, పెద్దల్లుడు కింద.

వాళ్ళ మామగారికి బండ్లు బాగుచేసే షాపు ఉండేది. అక్కడికి వచ్చిపోయే కుర్రాళ్ళలోంచే అల్లుళ్ళిద్దరినీ ఏరుకున్నాడాయన. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కంపెనీ గ్యారేజీలో మెకానిక్కులు కూడా వాళ్ళని పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేవాళ్ళు. పెద్దల్లుడికి ఆ పిలుపులో 'పెద్ద' అన్న ముక్క ఒక్కటే నచ్చేది.

కంపెనీ పరిస్థితి అంతంతమాత్రం. ఒకప్పుడు మిగతావాళ్ళంతా ఆ కంపెనీ బండి వెనక చక్రం తప్ప ఇంకేం చూసి ఎరగరట. ఇప్పుడు కప్పు తెచ్చి చాలా కాలమైంది. 'ఇంకొక్క ఏడాది చూద్దాం' అని యజమానులు ఏటా అంటున్నారు. ఈలోగా చిన్నల్లుడు పక్క గ్యారేజీ వాళ్ళతో, అంటే వరసగా గెలుస్తున్న కంపెనీతో, వచ్చే ఏడాదికి సంతకం పెట్టేశాడు. పెద్దల్లుడి ఒప్పందం కాగితం మీద ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.

"బండి మంచిది ఇస్తే నేనూ గెలుద్దును" అనేవాడు పెద్దల్లుడు. ఆ మాటకి ఒక ఆధారం లేకపోలేదు. ఏడాది మొదట్లో కంపెనీ బండికి ఎముకల గూడులాంటి ఫ్రేము కొత్త రకంది ఒక్కటి చేయించింది. అది చిన్నల్లుడి బండికి బిగించారు. పెద్దల్లుడికి పాత ఫ్రేమే. రెండోది చేయించే స్తోమత లేదన్నారు. చిన్నల్లుడు ప్రతి పందెంలోనూ ముందుండడంతో కొత్త ఫ్రేమే గొప్పదని అందరూ ఖాయం చేసుకున్నారు. పెద్దల్లుడైతే అందరికంటే ముందే ఖాయం చేసుకున్నాడు. వాడి నెత్తిన పాలు పోశారు, నా నోట్లో మట్టి కొట్టారు అని ఏడాదంతా సణిగాడు.

ఒకసారి మామగారింట్లో భోజనాల దగ్గర చిన్నల్లుడు అన్నాడు: "అన్నయ్యా, నాది బండి కాదు, మొండి ఎద్దు. మలుపు వస్తే మెడ తిప్పదు."

"పాపం! ఎద్దునెక్కి కూడా నన్ను దాటిపోతున్నావంటే ఇంక గుర్రాన్నిస్తే ఏమయ్యేవాడివో!" అన్నాడు పెద్దల్లుడు.

బల్ల కింద పెద్దల్లుడి భార్య ఆయన కాలు తొక్కింది. చిన్నల్లుడు నవ్వేసి మజ్జిగ అందుకున్నాడు. ఎడమ చేత్తో. పందెం అయిన ప్రతిసారీ అతను కుడిచేతిని మోచేతిదాకా ఐసు బకెట్టులో ముంచి కూర్చునేవాడు. దాన్ని చూసినా పెద్దల్లుడికి ఒళ్ళు మండేది. నాటకం, అనుకునేవాడు. ఫోటోలవాళ్ళు ఉన్నప్పుడే వీడికి చెయ్యి నొప్పి పుడుతుంది.

ఆఖరి పందెం అయిపోయింది. మర్నాడు అదే ట్రాకు మీద అన్ని కంపెనీలూ వచ్చే ఏడాది బండ్లని పరీక్షించుకుంటాయి. కంపెనీ మారేవాళ్ళు కొత్త బండి ఎక్కేది ఆ రోజే. అయితే పాత ఒప్పందం ఏడాది చివరిదాకా ఉంటుంది కనుక కొత్త కంపెనీ రంగులు వేసుకోకూడదు, కొత్త బండి గురించి నోరు విప్పకూడదు. అందుకని చిన్నల్లుడు పొద్దున్నే ఏ గుర్తూ లేని నల్ల తోలు సూటు తొడుక్కుని పక్క గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. ఆ నలుపు కూడా వాడికి అందంగానే ఉందనుకుని పెద్దల్లుడు ముఖం తిప్పుకున్నాడు.

గ్యారేజీ వెనక చిన్న గదిలో ఆయన భార్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "ఇద్దరినీ చల్లగా చూడు స్వామీ."

"ఇద్దరినీ ఎందుకు? వాడిప్పుడు అవతలివాడు" అన్నాడు పెద్దల్లుడు.

"మీకు అవతలివాడు. నాకు చెల్లెలి మొగుడు. అయినా దేవుడికి గ్యారేజీలు తెలియవులెండి."

ఆయనా కళ్ళు మూసుకున్నాడు. రోజూ చేసే ప్రార్థనే. సగంలో ఉండగా తన నాలుక మీదకి వచ్చిన మాట చూసి తనే ఉలిక్కిపడ్డాడు. వాడి కొత్త బండి ఇంజను పొగ కక్కాలని అడగబోతున్నాడు. గబుక్కున కళ్ళు తెరిచాడు. ఇలాంటివి కూడా పైదాకా వినపడతాయా, లేక మంచివి ఏరుకుని వింటాడా ఆయన?

బయట మేస్త్రి పిలిచాడు. గ్యారేజీలో మెకానిక్కులందరికీ పెద్ద ఆయన. "రండి పెద్దల్లుడుగారూ, మీ కోరిక తీరే రోజొచ్చింది!"

చిన్నల్లుడి బండి సిద్ధంగా ఉంది. నంబరు కాగితం పీకేసిన చోట జిగురు ఇంకా అంటుకునే ఉంది. పక్కనే కంపెనీ పెద్దసారు నిలబడ్డాడు.

"చూడు, రెండు రకాల ఫ్రేములు మోసే ఓపిక మాకు లేదు. ఒక్కటే చేయిస్తాం. ఉన్నదంతా దాని మీదే పెడతాం. ఎంచుకున్నది తప్పయితే దుకాణం కట్టేసుకోవాల్సిందే. ఇది నడిపి చూసి మధ్యాహ్నానికల్లా నీ మాట చెప్పు. నీ కాగితం సంగతి కూడా అప్పుడే తేలుద్దాం."

పెద్దల్లుడు పెళ్ళిపీటల మీద కూర్చున్నంత సంబరంగా బండెక్కాడు.

మొదటి మలుపులో బండి తిరగలేదు. కొత్త కదా అనుకున్నాడు. రెండో మలుపులోనూ అంతే. బ్రేకు నొక్కితే ముందు చక్రం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. హ్యాండిల్ని రెండు చేతులా బలంగా అదిమితే గాని అది మాట వినదు. అదిమితే మలుపు దాటాక చెయ్యి వదులు కాదు. తన పాత బండి మీద ఊపిరి తీసుకునే చోట కూడా ఇక్కడ పెనుగులాటే. పౌరుషానికి పోయి ఇంకా కొన్ని చుట్లు తిరిగాడు. చివరికి ముంజేయి రాయిలా బిగుసుకుపోయి, బ్రేకు మీది వేళ్ళు తనవో పరాయివో తెలియని స్థితిలో లోపలికి వచ్చేశాడు. హెల్మెట్ పట్టీ కూడా విప్పుకోలేకపోయాడు. మేస్త్రి విప్పాడు. తెర మీద చూస్తే తన పాత బండి మీద వచ్చే టైము కంటే వెనకే ఉన్నాడు.

ఇంజనీరు నవ్వుతూ వచ్చాడు. "ఏం కంగారు పడకండి. ఇది అలవాటు కావాలి. మొదట్లో చిన్నల్లుడుగారు కూడా తిరగట్లేదనే అన్నారు. టైములు బాగానే వచ్చాయి కాబట్టి మేం పట్టించుకోలేదు. కంప్యూటరు లెక్క ప్రకారం ఇదే మంచి ఫ్రేము. మీరూ అదే చెప్తే ఇవాళే పని మొదలుపెట్టేస్తాం."

పెద్దల్లుడు తలూపి వెనక గదిలోకి వెళ్ళాడు. మూలన ఐసు బకెట్టు ఉంది. అలవాటు కొద్దీ మేస్త్రి ఇవాళ కూడా నింపి పెట్టాడు. ఆయన చెయ్యి ముంచాడు. ప్రాణం లేచివచ్చింది.

"ఇది మా చెల్లెలి మొగుడి బకెట్టు కదూ?" అంది భార్య.

"నాటకం కాదే" అన్నాడాయన.

ఆవిడకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాడు. ఈ ఫ్రేమే గొప్పదంటే ఏడాదంతా తను అన్నదే నిజమవుతుంది. మంచి బండి వాడికిచ్చారు, అందుకే వాడు ముందున్నాడు. కాగితం మీద సంతకం పడుతుంది. కాదనేవాళ్ళు లేరు. కాదన్నవాడి మాట మొదట్లోనే ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడైతే వాడు పక్క గ్యారేజీ మనిషి. కానీ కంపెనీ ఉన్నదంతా ఈ ఎద్దు మీద పెట్టి మునుగుతుంది. మేస్త్రీ, మెకానిక్కులూ అందరూ రోడ్డున పడతారు.

"మరి ఉన్నది ఉన్నట్టు చెప్తే?"

"చెడ్డ బండి మీద కూడా వాడు నన్ను దాటిపోయాడని తేలుతుంది. మీ చెల్లెలి మొగుడు నాకంటే గొప్పవాడని నా నోటితో నేనే చెప్పాలి."

"ఒక్కసారి చెప్తే సరిపోతుందిగా" అంది ఆవిడ. "ఏడాదంతా కడుపులో చెప్పుకుంటూనే ఉన్నారు."

ఆయన ఆవిడకేసి ఉరిమి చూశాడు. చెయ్యి బకెట్టులో ఉంటే ఉరమడం కూడా అంత బాగా కుదరదు.

మధ్యాహ్నం పెద్దసారు గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్దల్లుడు కుర్చీ అంచున కూర్చుని, "పాత ఫ్రేమే చేయించండి" అన్నాడు.

"అదేమిటయ్యా! ఏడాదంతా దీనికోసం గోల చేసింది నువ్వే కదా?"

"నేనే."

"మరి దీని మీద వాడు నీకంటే ముందెలా వెళ్ళాడు?"

ఇంజనీరు ఆశగా చూస్తున్నాడు. 'వాడికి అలవాటయింది' అనే మాట ఒక్కటి చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వాడు నాకంటే బాగా నడుపుతాడు సార్. అది తిరగని బండి. వాడు చేతులతో లాక్కుపోయాడు. ఏడాదంతా."

పెద్దసారు ముఖానికి చెమట పట్టింది. "మనిషి వెళ్ళిపోయినా ఫ్రేము మిగిలిందనుకున్నాం" అన్నాడు. "మనిషే ఫ్రేమన్నమాట." తర్వాత పెద్దల్లుడి కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "వచ్చే ఏడాది పందెంలోకి ఇంకెవరినైనా చూసుకోవాలి. నువ్వే చెప్పాక తప్పదు కదా. కానీ బండి ఎలా ఉందో ఉన్నట్టు చెప్పేవాడు మాకు కావాలి. కొత్తవి ముందుగా నడిపి చూసే పని నీకిస్తాం. ఉంటావా?"

మెచ్చుకున్నాడో చెంప మీద కొట్టాడో పెద్దల్లుడికి తెలియలేదు. పందెం ఉండదు. ఆదివారాలు తెర మీద పైనా ఉండడు, కిందా ఉండడు. "ఉంటాను" అన్నాడు, తన గొంతు తనకే చిన్నగా వినపడింది.

బయటికి వస్తే రెండు గ్యారేజీల మధ్య సందులో చిన్నల్లుడు నల్ల సూటు నడుముదాకా విప్పుకుని నీళ్ళు తాగుతున్నాడు.

"ఎలా ఉంది అన్నయ్యా నా ఎద్దు?"

"చంపేసింది."

"చెప్పానుగా!"

"చెప్పావు. నేనే వినలేదు." అక్కడితో వెళ్ళిపోదామనుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మరి కొత్తదెలా ఉంది?"

చిన్నల్లుడు అటూ ఇటూ చూశాడు. చెప్పకూడదు. నవ్వుతూ కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్ళూ హాయిగా తెరిచి మూశాడు. పసిపిల్లాడు టాటా చెప్పినట్టు. ఆ చేతికి ఇవాళ ఏ ఐసూ అవసరం లేదు.

పెద్దల్లుడికి కడుపులో సరిగ్గా పాత చోటే భగ్గుమంది. నిజం చెప్పేస్తే ఇది పోతుందనుకున్నానే, పోలేదేం స్వామీ? అయినా అడగాల్సింది అడిగాడు. ఇద్దరినీ చల్లగా చూడు. కాస్త నన్ను ముందు.

భార్య సంచీ భుజాన వేసుకుని ఎదురొచ్చింది. "చెప్పేశారా?"

"చెప్పేశాను."

"తేలికయిందా?"

"ఏది? చెయ్యా, మనసా?"

"ఏదో ఒకటి."

"చెయ్యి కొంచెం" అన్నాడు పెద్దల్లుడు.