పదో నిమిషం నెత్తురు

జంగ్లీఘాట్ చేపల రేవులో కన్నబాబు కొట్టు ముందు గొంతుక్కూర్చుని దానయ్య ఐసు దిమ్మను సుత్తితో పగలగొడుతున్నాడు. ముక్క మరీ పెద్దది కాకూడదు, మరీ పొడి కాకూడదు, ఉసిరికాయంత ఉండాలి. అరవై రెండేళ్ల మనిషి. ఎండకు కాగిన నల్లటి ఒళ్లు, ముందుకు వంగిన భుజాలు, ఎడమ చూపుడువేలి మీద గేలం చీల్చిన పాత మచ్చ. ఆసుపత్రివాళ్లిచ్చిన నీలం చొక్కాకు పైగుండీ లేదు. కుట్టుకోవడానికి తీరిక దొరకడం లేదని ఆరేళ్లుగా చెబుతున్నాడు గానీ, కుట్టిపెట్టే మనిషి లేదన్నదే నిజం.

ఆసుపత్రిలో ఐసు మిషను నిన్న సాయంత్రం మొరాయించింది. నెత్తురు సీసా చల్లగా తేవడానికి ఫ్రిజ్‌లో ఉన్న నాలుగు ముక్కలు ఒక్కసారికే వస్తాయి, తర్వాత నువ్వే చూసుకోవాలి మామా అని ల్యాబులో పనిచేసే లహరి పదిసార్లు చెప్పి పంపింది. అందుకే పొద్దున్నే ఇంటి దగ్గర బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ పడవ ఎక్కి, ఇవతల దిగి, తిన్నగా రేవుకే వచ్చాడు. సంచి నిండగానే అలవాటైన చెయ్యి దానంతట అదే పక్క గోనెలోంచి గుప్పెడు రాళ్లుప్పు తీసి ఐసు మీద చల్లేసింది. ఉప్పు పడితే ఐసు చల్లదనం రెట్టింపవుతుందనీ, సాయంత్రం దాకా చేప కన్ను మసకబారదనీ తండ్రి పదో ఏటే నేర్పాడు. మోకాళ్లు పడవ పనికి చాలవని ఆసుపత్రి పనిలో చేరి పదకొండేళ్లయినా ఆ చెయ్యి ఇంకా పడవ మీదే ఉంది.

ఆసుపత్రి డిగ్నాబాద్ వాలులో ఉంటుంది. ఆపరేషను థియేటరు పైన, ల్యాబు రోడ్డుకు అవతల కింద. మధ్యన యాభై నాలుగు మెట్లు. ఆ మెట్ల మీద రోజూ నెత్తురు సీసాలు మోయడమే దానయ్య ఉద్యోగం. ఇన్నేళ్లలో ఒక్క సీసా పగలలేదు, ఒక్కటి ఆలస్యం కాలేదు. అయినా అతని పేరు తెలిసినవాళ్లు ఆసుపత్రిలో నలుగురుంటే ఎక్కువ. "ఓ భయ్యా" అంటే పలుకుతాడు.

ఆ రోజు ఆపరేషను సంతోషకుమారికి. యాభై దాటిన ఇల్లాలు. దానయ్య కూడా చెయ్యేసి స్ట్రెచరు తోస్తుంటే ఆమె కళ్లు మూసుకునే మాట్లాడింది.

"నాలుగేళ్లు, అన్నయ్యా. ఒంట్లో ప్రతి ఎముకా నొప్పే. కిడ్నీలో రెండుసార్లు రాళ్లు. పొద్దున లేస్తే మళ్లీ ఎప్పుడు పడుకుందామా అనే. ఏడుపు ఎందుకొచ్చేదో నాకే తెలీదు. మా ఆయన బద్ధకం అనుకున్నారు. చర్చిలో దీదీలు కూడా అలాగే అనుకున్నారు."

దానయ్య చేతులు స్ట్రెచరు తొయ్యడం మరిచిపోయాయి. వెనకనుంచి నర్సు "చలో, చలో" అంటే గానీ కదలలేదు.

ఆ మాటలన్నీ గవరమ్మవి. ఎముకల నొప్పి, రాళ్లు, కారణం లేని కన్నీళ్లు, ఎప్పుడు చూసినా నడుం వాల్చడం. గవరమ్మ దానయ్య భార్య. పోయి ఆరేళ్లయింది. బతికి ఉండగా ఆమెను పనిదొంగ అన్నాడు, సోమరిపోతన్నాడు, పుట్టింటి గారాబం అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా! ఊరందరి నెత్తురూ మోసినవాడు పెళ్లాం నెత్తురు ఒక్క సీసా అయినా మొయ్యలేదు.

కిందికి దిగి లహరిని అడిగాడు. "ఏటమ్మా ఈ జబ్బు?"

చురుకైన పిల్ల లహరి. మిషను సర్దుతూనే చెప్పింది. "మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి మామా. వాటిలో ఒకటి వాచిందనుకో, ఎముకల్లో సున్నమంతా లాగి నెత్తుట్లో కలిపేస్తుంది. విశాఖ నుంచి వచ్చిన డాక్టరుగారు దాన్ని తీసేస్తారు. తీసింది అసలు దొంగనేనా అని ఎలా తెలుస్తుంది? దాని హార్మోను నెత్తుట్లో నిమిషాల్లో విరిగిపోతుంది. తియ్యకముందు ఒక సీసా, తీశాక పదో నిమిషానికి ఒక సీసా. అంకె సగానికి పడిపోతే బస్, మెడ కుట్టేస్తారు. పడలేదంటే ఇంకోటి వెతకాలి. దొరక్కపోతే ఆవిడ సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లి మళ్లీ కోయించుకోవాలి. మన దగ్గర ఈ పరీక్ష ఇదే ఫస్ట్ టైమ్."

"నయమైపోతాదా?"

"పూర్తిగా. రేపటినుంచే తేడా తెలుస్తుందట."

దానయ్య డబ్బా అందుకుని పైకెళ్లాడు. మొదటి సీసా ఫ్రిజ్ ఐసులో తెచ్చాడు. అంకె నాలుగు వందల పన్నెండు అని వచ్చింది. మళ్లీ పైకెక్కి థియేటరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎదుట బల్ల మీద సంతోషకుమారి భర్త దేవప్రసాద్ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు.

దానయ్యకు ప్రార్థన రాలేదు. వచ్చిన ఆలోచనకు తనమీద తనకే అసహ్యం వేసింది. అంకె పడిపోతే ఈ తల్లి బతుకు బాగుపడుతుంది. కానీ అంకె పడిపోతే, గవరమ్మది కూడా గంటలో తీసేయదగ్గ గింజే అవుతుంది. పడకపోతేనో? డాక్టర్లకే అంతుపట్టని జబ్బు, తనెంతటివాడు అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవచ్చు. పడకూడదని మనసులో ఒక మూల కోరుకున్నాడు. కోరుకున్నానని అతనికి తెలుసు.

తలుపు తెరుచుకుంది. పదో నిమిషం సీసా చేతికొచ్చింది. ఊదారంగు మూత, వేలెడంత గొట్టం, ఇంకా గోరువెచ్చగా ఉంది. రేవు ఐసు నింపిన డబ్బాలో చేపను కప్పినట్టు దాన్ని అడుగుదాకా దూర్చి, పైన ముక్కలు కప్పి, మెట్లు దిగాడు.

లహరి మిషను సిద్ధం చేసి డబ్బా తీసేసరికి సీసా అంచుల్లో నెత్తురు ఐసులా గడ్డకట్టి ఉంది. గబగబా మిషనులో పెట్టి గిరగిరా తిప్పి చూసింది. పైన ఎండుగడ్డి రంగులో తేలాల్సిన ద్రవం దానిమ్మరసంలా ఎర్రగా తేలింది.

"అరే! నెత్తుటి కణాలు పగిలిపోయాయి. దీంట్లో వచ్చే అంకె నమ్మకూడదు మామా, ఊరికే తక్కువ చూపిస్తుంది. ఐసులో ఏం కలిసింది?"

ఐసు కన్నబాబుది. పాడయిన మిషను ఆసుపత్రిది. చెప్పడానికి దారులున్నాయి. దానయ్య ఆ దారులు పట్టలేదు.

"నానే ఉప్పేసినానమ్మా. సేపకేసినట్టు."

ఫోనులో చెబుతానని లహరి అన్నా ఆగకుండా తనే మెట్లెక్కి, థియేటరు తలుపు సందులోంచి అదే మాట చెప్పాడు. లోపల ఆవిడ మెడ తెరిచి ఉంది, తన చేతి గుప్పెడుప్పు వల్ల. డాక్టరు మాస్కు పైనుంచి ఒక్క క్షణం చూశాడు. "ఇంకోటి తీసిస్తాను. ఐసునీళ్లలో నిలబెట్టి పట్టుకెళ్లు. ఐసులో పూడ్చకు. జల్దీ."

కేకలేసి ఉంటే తేలికగా ఉండేది. తెలియక చేశానా, కోరుకునే చేశానా అన్న ప్రశ్న మెట్టు మెట్టుకూ వెంటపడింది. ఉప్పు పొద్దున్నే చల్లాడు, ఆ తల్లి నోరు విప్పకముందే. లెక్క ప్రకారం తప్పు లేదు. అయినా మనసుకు లెక్క సరిపోలేదు. డబ్బా కడిగి, ఫ్రిజ్‌లో కొత్తగా గడ్డకట్టిన రెండు ముక్కలు మంచినీళ్లలో వేసి, పైకి తెచ్చి, కొత్త సీసాను అందులో నిలువుగా పట్టుకుని పరుగెత్తాడు. పదకొండేళ్లలో ఆ మెట్ల మీద అతను పరుగెత్తడం అదే మొదలు. పడాలి, అది సగానికి పడాలి తల్లీ అని పైకే అనుకుంటూ దిగాడు. ఈసారి మనసులో ఏ మూలా అడ్డం రాలేదు.

పావుగంట పట్టింది. దానయ్య ల్యాబు గడప మీద కూర్చుని మోకాళ్లు పట్టుకున్నాడు.

"యాభై ఎనిమిది!" లహరి అరిచింది. "మామా, సగం కాదు, ఏడో వంతుకు పడింది!"

థియేటరుకు ఫోను చేసి, అదే చేత్తో అతని భుజం తట్టింది. పిల్ల ముఖంలో వెలుగు చూసి దానయ్య కూడా నవ్వాడు. తర్వాత పంపు దగ్గరికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

పైన దేవప్రసాద్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "మీకు చాలా థాంక్స్ అన్నయ్యా. దేవుడు దయచూశాడు. పాపం, దాన్ని ఎన్ని మాటలన్నానో! ఇంటికెళ్లాక అన్నీ చెప్పి క్షమాపణ అడుగుతాను."

"ఇంటికెల్లే దాకా ఉండకండి బాబూ," అన్నాడు దానయ్య. "తెలివి రాగానే సెప్పీండి. సెవిలోనే సెప్పీండి."

దేవప్రసాద్‌కు ఆ తొందర ఎందుకో అర్థం కాలేదు. సరేనన్నాడు.

నాలుగింటికి డ్యూటీ దిగాడు. ఫెర్రీలో అందరూ కూర్చున్నా అతను రెయిలింగు పట్టుకుని నిలబడే ఉన్నాడు. బాంబూఫ్లాట్‌లో దిగి ఇంటి తాళం తీసేసరికి ఇంకా వెలుగుంది.

లోపల గోడకు నవారు మంచం నిలబెట్టి ఉంది. గవరమ్మ ఉన్నప్పుడు, రోజూ డ్యూటీకి వెళ్లేముందు మంచం ఎత్తి అలా గోడకు నిలబెట్టి పోవడం దానయ్య పద్ధతి. పగటిపూట ఆమె పడుకోకుండా. మద్ది చెక్క మంచం, ఆమె ఒక్కతే దించుకోలేనంత బరువు. మొదటిరోజు అలా నిలబెట్టినప్పుడు ఆమె గొడవ పెట్టుకోలేదు. "పోనీలే, గచ్చు సల్లగా ఉంటాది" అంది.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం ఇదే వేళకు తలుపు తీస్తే, ఆ మంచం కోళ్ల దగ్గర గచ్చు మీద గవరమ్మ పక్కకు తిరిగి పడుకుని ఉంది. "లే, పొయ్యెలిగించు" అని రెండుసార్లు కేకేశాడు. మూడోసారి కాలితో తట్టాడు. అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మంచం మళ్లీ దించలేదు. తనూ చాప మీదే పడుకునేవాడు.

ఇప్పుడు రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించాడు. కోళ్లు గచ్చుకు ఆనాయి. కండువాతో దుమ్ము దులిపి, బూజు తీసి, దాని మీద మాత్రం కూర్చోలేదు. పక్కనే కింద కూర్చుని, "పడుకో గవరా" అన్నాడు.

మంచం నడుమ నవారు ఆమె బరువుకు సాగి, ఇంకా కాస్త దిగబడే ఉంది.