చల్లని బట్టీకి మొదటి వంతు

ఫ్రాన్సు సరిహద్దు కొండల్లో ఉన్న మా ఊళ్ళో రొట్టె ఏడాదికి ఒక్కసారే కాల్చేవాళ్ళం. నవంబరు చివర, పశువులన్నీ కొట్టాల్లోకి చేరాక, ఊరి ఉమ్మడి బట్టీ వెలిగిస్తే పదకొండు ఇళ్ళ రై గింజల పిండి రొట్టెలూ వరసగా కాలేవి. అటక మీద అవి ఎండి రాయిలా అయ్యేవి. బల్లకి బిగించిన కత్తితో నరికి, పాలలోనో పులుసులోనో నానబెట్టుకుని మళ్ళీ నవంబరు దాకా తినేవాళ్ళం.

కష్టమంతా మొదటి ఇంటివాళ్ళది. ఏడాదిగా తేమ పట్టి ఉన్న రాతి బట్టీ వేడెక్కాలంటే ఒక పగలూ ఒక రాత్రీ మండాలి. తర్వాతివాళ్ళకి నాలుగు మోపుల కట్టెలు చాలు. మొదటివాళ్ళకి నలభై కావాలి, అన్నీ పై అడవి నుంచి దించుకోవాలి. అందుకని వంతులు తీసేవాళ్ళు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు చెక్కిన కొయ్యబిళ్ళ ఉండేది. ఎవరి రొట్టెల మీద వాళ్ళు ఒత్తుకునే గుర్తే అది. బిళ్ళలన్నీ టోపీలో వేస్తే, ఊరికి పెద్దవాడు కాబట్టి మా మామగారు మాగ్నో కళ్ళు మూసుకుని ఒకటి తీసేవారు.

యుద్ధం ముగిసిన నాలుగో ఏడు అది. నాకు ఇరవైమూడేళ్ళు, కడుపుతో ఆరో నెల. మా ఆయన కియాఫ్రేదో చలికాలపు కూలికి ఫ్రాన్సు వెళ్ళాడు. ఇంట్లో అత్తమామలూ నేనూ.

ఆదివారం పూజ అయ్యాక అందరూ బట్టీ ముందు చేరారు. టోపీ నేను పట్టుకున్నాను. మామగారు చెయ్యి పెట్టి తీశారు. బిళ్ళ మీద మూడు పళ్ళ గొర్రు. మాది. ఆయన బొటనవేలు గీతల్ని తడిమి, దాన్ని కప్పేసింది. చెయ్యి మళ్ళీ టోపీలోకి జారి, ఇంకో బిళ్ళతో పైకొచ్చింది.

"నక్షత్రం. ఒనొరాటా ఇల్లు," అన్నారు.

ఒనొరాటా భర్త రష్యా యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ముసలి అత్త మద్లేనాతో, తొమ్మిదేళ్ళ కూతురితో ఉండేది.

"లాటరీలో ఏనాడూ తగలని పేరు, దీనికి మాత్రం తగిలింది చూడు!" అని నవ్విందామె.

పక్కింటి స్పిరితో గొంతు సవరించుకున్నాడు. "ఇంటికో రెండు మోపులు వేద్దాం. ఆడకూతురు, ఒక్కతీ ఎలా దించుతుంది?"

"నీ వంతొచ్చిన ఏడు నీకెవడేశాడురా? రివాజు రివాజే," అన్నారు మామగారు.

"నాకెవరి ముష్టీ వద్దు స్పిరితో బావా," అంది ఒనొరాటా. "మాది మగాడు లేని ఇల్లే గానీ, చేతుల్లేని ఇల్లు కాదు."

ఇంటికొచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. "మామయ్యా, ముందొచ్చింది మన బిళ్ళ."

"కడుపుతో ఉన్నప్పుడు కళ్ళు బైర్లు కమ్ముతాయిలే."

"నేను చూశాను."

ఆయన చెంచా కింద పెట్టారు. "అయితే చెప్పు. నలభై మోపులు ఎవరు దించుతారు? ఈ మోకాళ్ళేసుకుని నేనా? ఆ పొట్టేసుకుని నువ్వా? ఒనొరాటా గట్టిపిండం. దించేస్తుంది."

మా అత్తగారు ఏమీ వినబడనట్టు గిన్నెలో ఇంకో గరిటె పోసింది. నేను తిన్నాను. దాచడం దేనికి, ప్రాణానికి హాయిగానే అనిపించింది.

బుధవారం ఉదయం, గడ్డకట్టిన నేల మీద కొత్త మంచు పడి ఉంది. నీళ్ళ తొట్టి దగ్గర ఒనొరాటా ఎదురైంది. వీపు మీద కట్టెలబండి. మా కొండల్లో ఆ బండికి చక్రాలుండవు. కట్టెలు కట్టి, ముందున్న రెండు కొమ్ముల మధ్య నిలబడి, మడమలతో ఆపుకుంటూ వాలులో జారాలి.

"ఇవాళ వద్దు అక్కా. కింద అంతా గడ్డ."

"గడ్డ మీదే బాగా జారుతుందే. నాలుగు తడవల్లో అయిపోతుంది. నువ్వు చలిలో నిలబడకు, లోపలివాడికి జలుబు చేస్తుంది." నా పొట్ట మీద అరచెయ్యి ఆనించి నవ్వింది.

ఒక్క మాట. నాలుక చివరే ఉంది. ఆమె మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నీళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాను.

మూడో తడవలో మడమలు నిలవలేదట. మలుపులో ఉన్న బండరాయికీ, కట్టెల బరువుకీ మధ్య నలిగిపోయింది. తలుపు పలక మీద పడుకోబెట్టి తెచ్చేసరికి ఇంకా ఊపిరి ఉంది. "అత్తా, పులవడానికి పిండి తడిపేశాను, పాడవుతుంది, కలపండి," అంటూనే ఉంది. చీకటి పడేలోగా పోయింది.

రొట్టె ఆగదు కదా. పాతిపెట్టిన మర్నాడు బట్టీ వెలిగించారు, ఆమె దించిన కట్టెలతోనే. ఇప్పుడు మాత్రం ఎవరూ రివాజు మాట ఎత్తలేదు, ఇంటికో రెండు మోపులు తెచ్చారు. మామగారు ఐదు తెచ్చారు, వంగిపోయి, ఎవరి సాయమూ తీసుకోకుండా. ఒనొరాటా కలపమన్న పిండిని మద్లేనా కలిపింది. ఒక్కో ముద్ద మీదా మనవరాలు నక్షత్రం ఒత్తింది.

ఆ ఏడంతా మా ఇంట్లో ఆ బట్టీ రొట్టే తిన్నాం. ఫిబ్రవరిలో నాకు ఆడపిల్ల పుట్టింది. పండులా ఉంది. దానికి పాలిస్తున్నప్పుడల్లా పొట్ట మీద ఆనించిన ఆ చెయ్యి తెలిసేది.

మళ్ళీ నవంబరు వచ్చింది. మామగారు టోపీ అందుకున్నారు. పిల్లని చంకనేసుకుని ముందుకెళ్ళాను.

"పోయినేడు ముందొచ్చింది మా బిళ్ళ. మామయ్య మార్చేశాడు. టోపీ పట్టుకున్న నేను చూశాను. చూసి, నోరు మూసుకున్నాను."

"ఇంటికి నడు," అన్నాడు, ఆ ఏడు ఇంకా కూలికి వెళ్ళని కియాఫ్రేదో, పళ్ళ బిగువున. మామగారు కాదనలేదు. టోపీ బట్టీ గట్టు మీద పెట్టి, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయారు.

మద్లేనా నా దగ్గరకొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఏడాదిగా దేవుడొక్కడి మీదే కోపం పెట్టుకున్నాను. అదే నయం. ఇకనుంచి రోజూ తొట్టి దగ్గర నీ మొహం చూడాలి. ఇది ఎవరి కోసం చెప్పావే? నాకోసమా, నీకోసమా?"

మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు వంతులు తీయలేదు. మొదటి వంతు మేమే తీసుకున్నాం. నలభై మోపులూ కియాఫ్రేదో నేనూ దించాం. ఆఖరి మోపు కట్టాక అతను అన్నాడు: "అప్పుడే చెప్పాల్సింది. లేదా చచ్చేదాకా చెప్పకుండా ఉండాల్సింది. నువ్వు రెండూ కాకుండా చేశావు."

మంచు కరగగానే మద్లేనా మేకని అమ్మేసి, మనవరాలిని తీసుకుని మైదానంలో చుట్టాలింటికి వెళ్ళిపోయింది. ఆ పిల్లని ఎవరింట్లోనో పనికి పెట్టారని విన్నాం. మామగారు ఇంకో నాలుగేళ్ళు బతికారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుంటే, మిగతావాళ్ళకి పనులు గుర్తొచ్చేవి.

చాలా ఏళ్ళకి కింద మైదానంలో సలూజో పట్నం సంతలో ఆ పిల్లని చూశాను. జున్ను అమ్ముతోంది. అచ్చం తల్లి నవ్వు. నన్ను గుర్తుపట్టలేదు. ఒక ముక్క కొన్నాను.

"ఇంకేం కావాలమ్మా?" అంది.

"ఏమీ వద్దు," అని బస్సు దగ్గరికి నడిచాను.