మామగారు పట్టిన మునుం

మా వైపు కోడలు మామగారి పేరు పలకకూడదు. పెళ్లయిన పదిహేనేళ్లలో నేను ఒక్కసారీ పలకలేదు, ఇప్పుడూ పలకను. నలభై ఏళ్లు కంబైన్ కోతబండి నడిపిన మనిషి అంటే చాలు, కొస్తనాయ్ గోధుమ పొలాల్లో ఎవరికైనా తెలుస్తుంది.

ఏ పొలంలోనైనా మొదటి మునుం, అంటే తొలి కోత వరస, పెద్దవాడు పట్టాలి, మిగతా బండ్లు దాని పక్కన కోసుకుంటూ పోవాలి. మా ఊళ్లో ఆ పెద్దరికం మామయ్యదే. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గింది కానీ కుడిచేతి వణుకు మిగిలిపోయింది. ఈ ఏడు కోతల ముందు మేనేజరు జొమార్త్ నలుగురిలో అనేశాడు: "పెద్దాయన ఇంట్లో టీ తాగుతూ కూర్చుంటే మంచిది. కొత్త బండ్లు వాటంతటవే నడుస్తాయి. అవి నడవాల్సిన గీత నేను పెట్టేశా." ఆ రాత్రి మామయ్య అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అలాగని నేను నడిపే కొత్త బండిమీద నాకు కోపం లేదు. ఇదివరకు రోజంతా కోత అంచు మీదే కళ్లు పెట్టి నడిపితే సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో స్టీరింగ్ తనే తిరుగుతుంది. దుమ్ములో నాకేమీ కనపడకపోయినా బండి గీత తప్పదు, తొమ్మిది మీటర్ల కత్తిలో బెత్తెడు కూడా ఖాళీగా పోదు. చెప్పిన మాట వినే మగాణ్ణి మా ఇంట్లో చూడలేదు, ఈ బండిలో చూశాను.

ఆ వారం గాలివానకి పెద్దపొలం పంటంతా ఒకవైపుకి పడిపోయింది. శుక్రవారం మంచు పడుతుందన్నారు. బుధవారం పొద్దున్నే మామయ్యని ఎవరికీ చెప్పకుండా పక్క సీట్లో ఎక్కించుకున్నాను. జొమార్త్ పెట్టిన గీత రోడ్డు వెంబడే ఉంది. పోతూ ఒకటి, వస్తూ ఒకటి కోశాను.

"ఆపమ్మా," అన్నారు మామయ్య. దిగి మోళ్లలో కాలితో గడ్డి జరిపి చూపించారు. కింద వెన్నులు అలాగే పడి ఉన్నాయి.

"గీత తిన్నగానే ఉంది కదా మామయ్యా?"

"గీతకేం, దారం పట్టినట్టుంది. గింజే నేలమీదుంది. పంటకి ఎదురెళ్లినప్పుడు బాగానే ఎత్తుతోంది. తిరిగొచ్చేటప్పుడు కత్తి పైనుంచి జారిపోతోంది. పడిన పంటకి ఏటవాలుగా కోస్తే రాకలోనూ పోకలోనూ దొరుకుతుంది."

"అయితే మీరే పట్టండి మొదటి మునుం."

ఆయన తన చెయ్యి చూసుకున్నారు. "వద్దు తల్లీ. వంకర పోతుంది. జొమార్త్ అన్నదే నిజమని ఊరంతా చూస్తుంది."

"ఈ బండికి కావలసింది రెండు చివరలే. ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో మీరు చెప్పండి. మధ్యలో మీ చెయ్యి ఎన్ని వంకర్లు పోయినా ఇది పట్టించుకోదు."

పొలం ఆ చివరిదాకా ఓసారి చూశారు. తర్వాత రెండు అరచేతులతో ముఖం తడుముకుని దువా చేసి, నా సీట్లో కూర్చున్నారు. మొదట్లో ఒకసారి, పొలం ఆ చివర ఒకసారి, బండికి గుర్తు తెలిసేలా నేను మీట నొక్కాను. మధ్యలో మునుం తప్పతాగినవాడు ఇంటికెళ్లినట్టు పోయింది. రేడియోలో జొమార్త్ అరిచాడు: "అయ్‌మాన్! ఏంటా వంకర? ముసలాయన్ని ఎక్కించావా ఏంటి?"

నేను రేడియో గొంతు తగ్గించాను. బండి వెనక్కి తిరిగాక, "ఇక చేతులు తీసేయండి మామయ్యా," అన్నాను. భయపడుతూనే తీశారు. స్టీరింగ్ కొంచెం కదిలి సర్దుకుంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఆయన అనుకున్న దారినే, వెంట్రుకవాసి తేడా లేకుండా నడిచింది. మామయ్య వణికే చేతిని ఒళ్లో పెట్టుకుని స్టీరింగ్ వైపే చూస్తున్నారు.

"ఇది నా పాతికేళ్లప్పటి చెయ్యమ్మా," అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంతలో జొమార్త్ జీపులో దూసుకొచ్చాడు. తిట్టడానికే వచ్చాడు. ముందు మా మునుం మోళ్లలో మోకాళ్లమీద కూర్చుని గడ్డి కెలికాడు, ఒక్క వెన్నూ దొరకలేదు. రోడ్డు వెంబడి కోసిన చోటికి పోయి అక్కడా కెలికితే గుప్పెడు వెన్నులు చేతికొచ్చాయి. తిరిగొచ్చి నా ముఖం చూడకుండా, "ఈ గీత మిగతా రెండు బండ్లకీ పంపు," అని జీపెక్కాడు.

పంపాలంటే గీతకో పేరు పెట్టమంది బండిలోని తెర.

"పెద్దపొలం అని రాసెయ్," అన్నారు మామయ్య.

ఒక్కో అక్షరమే నొక్కాను.

"ఏం రాశావు?"

"పెద్దపొలమనే."

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని తెర చూశారు.

"నోటితో అనలేదుగా మామయ్యా," అన్నాను మెల్లగా. ఆయన జేబులోంచి, ఎండబెట్టిన పెరుగుతో చేసే ఉప్పటి కుర్త్ ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

అప్పుడు రేడియో గరగరలాడింది. జొమార్త్ గొంతు. "అందరూ వినండి. పాత గీత తీసేయండి. పెద్దపొలంలో ఇక..." అని, నేను పంపింది తన తెరమీద చదవబోయి ఆగాడు. తర్వాత మా మామగారి పేరు ఇంటిపేరుతో సహా చదివి, "ఆయన పట్టిన మునుం వెంటే రండి," అన్నాడు.

రెండు బండ్లవాళ్లూ ఆ పేరు తిరిగి చెప్పి సరేనన్నారు. మామయ్య వణికే చేత్తోనే రేడియో గొంతు పెంచారు.