పైన నిలబడకూడదు

“నీకెందుకుమే మెట్లు? దినామూ ఎక్కేదే కదా నువ్వు,” అన్నాడు మొగుడు మణివణ్ణన్, తిన్న టిఫిన్ డబ్బాలన్నీ మాదేశ్వరి ముందుకు తోసి. ఆ మాటకు ధర్మపురి దగ్గరి ఇండూరు నుంచి వ్యానులో కలిసి వచ్చిన చుట్టాలంతా నవ్వారు. మాదేశ్వరి కూడా నవ్వింది, నవ్వకపోతే కోపమొచ్చిందంటారని. తర్వాత అందరూ పాతకాలపు కెథీడ్రల్ చర్చి గంటల గోపురం ఎక్కడానికి పోయారు. ఆమె కొళాయి దగ్గర డబ్బాలు కడగడానికి పోయింది. ఊళ్లో ఉన్నా యాత్రకొచ్చినా ఆడదానికి అంట్లు తప్పుతాయా?

ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. ధర్మపురి చుట్టుపక్కల ఆయన మేస్త్రీ, ఆమె ఆయన కింద సిత్తాళు. ఇసుకా ఇటుకా మోసే ఆడకూలీకి అక్కడ తమిళంలో అదే పేరు. పెళ్లయిన కొత్తలో ఒకసారి, తట్ట దించి, మూడో అంతస్తు మీద నిలబడి వత్తల్‌మలై కొండ మీద మబ్బు చూస్తోంది. “ఏం చూస్తా ఉండావు పెండ్లికూతురు మాదిరి? తట్ట దించినాక పైన నిలబడకూడదు. దిగు,” అని కింద నుంచి అందరి ముందూ అరిచాడు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయింది. మళ్లీ ఎన్ని మేడలెక్కిందో, ఎక్కడా ఒక్క క్షణం నిలబడలేదు.

వాళ్లు ఫోటోలు తీసుకుని దిగి వచ్చి, ఐస్‌క్రీమ్ బండి వైపు పోయారు. మాదేశ్వరి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నేనూ చూసొస్తాను అత్తా.”

“వానికి చెప్పి పో,” అంది అంజలై, బెంచీ మీద కాళ్లు చాపుకుంటూ.

చెప్పలేదు. పోయింది.

రాతిమెట్లు ఇరుగ్గా చుట్లు తిరుగుతున్నాయి. తల మీద ఏమీ లేదు, అయినా మెడ బిగుసుకునే ఉంది. రెండు మూడు సార్లు చెయ్యి దానంతటదే పైకి పోయి, లేని తట్టను పట్టుకోబోయింది. వెనకొస్తున్న ఎవరో పిల్ల చూసి నవ్వుకుంది. నవ్వుకోనీ.

పైకి చేరింది. చేరగానే కాళ్లు వెనక్కి తిరిగాయి. తెలిసొచ్చేసరికి మళ్లీ మెట్ల మీద ఉంది, దిగుతోంది. ఎవరు దిగమన్నారు? గోడకు చెయ్యి ఆనించి అక్కడే ఆగిపోయింది. ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువగా ఒళ్లు మండింది. నిలబడకూడదన్న ఆ మాటను మెదడులో కాదు, మోకాళ్లలో పెట్టాడు కదా ఈ మనిషి!

మళ్లీ ఎక్కింది. పిట్టగోడ పట్టుకుని గట్టిగా నిలబడింది. ఎర్రపెంకుల ఇళ్లు, కొబ్బరితోటలు, వాటికవతల సముద్రం. ఎంత దూరం కనిపిస్తుందో పైనుంచి! ఎవరికైనా చెప్పాలనిపించి ఫోన్ తీసింది. పేర్లు ఒక్కొక్కటే జరిపింది. అన్నం వండావా అని అడిగేవాళ్లే అందరూ. నువ్వేం చూశావు అని అడిగే మనిషి అందులో ఒక్కరూ లేరు. ఇన్నేళ్లు ఇంతమంది మధ్యలో ఎంత ఒంటరిగా ఉందో అక్కడ తెలిసింది ఆమెకు.

చేతిలోనే ఫోన్ మోగింది, మణివణ్ణన్.

“యాడుండావుమే, ఇంకా పైనేనా? అందరూ వ్యానెక్కినారు. ఇంతసేపు పైన ఏం పని నీకు?”

“ఏ పనీ లేదు,” అంది మాదేశ్వరి. “అందుకే నిలబడుకోని ఉండాను.”